మురిగిపోని నిధికి ఒక అభినందన పత్రం

ప్రభుత్వ సొమ్ముకు పట్టిన పాత జబ్బు పేరు మార్చి నెల. ఏడాదంతా బల్ల మీద కునుకుతీసిన బిల్లులు ఆ నెలలో లేచి పరుగులు పెడతాయి, ఎందుకంటే 31వ తేదీ దాటితే మిగిలిన పైకం మురిగిపోతుంది. ఈ జబ్బు అంటని పుట్టుక, మహిళల భద్రత కోసం పెట్టిన నిర్భయ నిధిది. 2013 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం రూ.1,000 కోట్లతో దాన్ని ప్రకటించినప్పుడే, ఖర్చు కాకపోయినా మురిగిపోని మూలనిధిగా దానికి హోదా దక్కింది. ఇంతటి ఆయుష్షు ఉన్న సొమ్మును తొందరపడి ఖర్చు చేయడం అవివేకమని మన యంత్రాంగం వెంటనే గ్రహించింది. మరుసటి ఏడాది ఇంకో రూ.1,000 కోట్లు వచ్చి చేరాయి. 2015-16లో కొత్తగా ఒక్క రూపాయి కూడా కేటాయించలేదు. గాదె నిండుగా ఉండగా మళ్లీ ధాన్యం పోయడం ఏ రైతూ చేయడు కదా. ఆకలితో ఉన్నవారు గాదె బయట నిలబడి ఉన్నారన్నది వేరే శాఖకు సంబంధించిన అంశం.

2016లో సుప్రీంకోర్టు, నిధి ఏర్పాటు చేసి చేతులు దులుపుకుంటే చాలదన్న అర్థంలో వ్యాఖ్యానించింది. న్యాయస్థానం మీద సంపూర్ణ గౌరవంతోనే ఒక మాట మనవి చేయాలి: ఈ నిధి అసలు ఖర్చే కాలేదనడం అన్యాయం. రైల్వే స్టేషన్లలో సీసీ కెమెరాలు, అత్యవసర సహాయానికి 112 నంబరు, మహానగరాల్లో సేఫ్ సిటీ ప్రాజెక్టులు, పోలీసు వాహనాలు ఈ సొమ్ముతో సమకూరినవే. కెమెరాకు ఉన్న సుగుణాలు బాధితురాలికి లేవన్నది నిష్పాక్షికంగా ఒప్పుకోవాలి. కెమెరాకు టెండరు పిలవవచ్చు, రిబ్బను కట్టి ప్రారంభించవచ్చు, ఫోటో దిగవచ్చు. అది ఏడవదు, రాత్రి రెండు గంటలకు తలుపు తట్టదు, తనకు జరిగింది మళ్లీ మొదటి నుంచి చెప్పమంటే మొహం తిప్పుకోదు. పైగా దానికి సొమ్ము మంజూరు చేసేటప్పుడు ఎఫ్‌ఐఆర్ ప్రతి జతచేశారా అని ఎవరూ అడగరు. వాహనాల విషయంలో ముంబయి ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఈ నిధితో కొన్న బొలేరోలను శాసనసభ్యుల, ఎంపీల రక్షణకు పంపారని 2022 డిసెంబరులో పత్రికలు రాశాయి. రక్షణ అవసరమైనవారు మహిళలే కానక్కరలేదన్న విశాల దృష్టి అందులో ఉంది.

ఇక నేరుగా మనిషి చేతికి అందే సొమ్ము సంగతి. బాధితులకు పరిహార పథకం ఉండాలన్న 357ఏ సెక్షన్ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 2009 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడది కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 396గా పేరు మార్చుకుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పరిహార దరఖాస్తుపై రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టం చెబుతోంది. యాసిడ్ దాడి బాధితులకు కనీసం రూ.3 లక్షలు ఇవ్వాలనీ, అందులో లక్ష 15 రోజుల్లోనే చేరాలనీ సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. కాలిన చర్మానికి క్యాలెండరు తెలియదు గనుక న్యాయమూర్తులు గడువు పెట్టి ఉంటారు. కానీ గడువు చదివే తీరిక ఫైలుకు ఉండాలి. (2008లో ఇద్దరు విద్యార్థినులపై యాసిడ్ పోసిన వరంగల్ ఘటన తరువాత యాసిడ్ అనే మాట వింటేనే ఒళ్లు జలదరించిన తరం మాది. ఆ జలదరింపునకు మాత్రం ఏ గడువూ అవసరం లేకపోయింది.)

జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018లో రూపొందించిన పథకంలో సామూహిక అత్యాచార బాధితురాలికి రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షల వరకు ఇవ్వవచ్చు. అయితే మంజూరైన దానిలో ముప్పావు వంతు కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి. చదువుకో, వైద్యానికో ప్రత్యేకంగా అడిగితే ముందుగా తీసుకునే వీలుంది. సొమ్ము చేతికొస్తే దుబారా చేస్తుందేమోనన్న ఈ పితృవాత్సల్యం, బొలేరోలు కొన్నప్పుడు ఎవరికీ పొంగలేదు.

సఖి వంటి పేర్లతో నడుస్తున్న వన్ స్టాప్ కేంద్రాలను ప్రస్తావించకపోతే ఈ అభినందన అసంపూర్ణం. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్దిరోజుల వసతి ఒకే కప్పు కింద, 24 గంటలూ అందించాలన్నది ఉద్దేశం. ఉద్దేశంలో లోపం లేదు. భర్త దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆమెకు ధైర్యం చెప్పే కౌన్సెలర్ మాత్రం తాత్కాలిక నియామకం మీద, తన జీతమెప్పుడో తనకే తెలియక, ఎదుటివారి భవిష్యత్తు గురించి భరోసా ఇస్తూ ఉంటుంది. శాశ్వతమైనవి భవనం మీది బోర్డు, నిధి రెండే.

ఈ పొదుపు సంప్రదాయం కొనసాగాలంటే నావి రెండు చిన్న సూచనలు. మొదటిది, దరఖాస్తు ఫారంలో ‘మీరు కెమెరాయా?’ అన్న గడి ఒకటి చేర్చాలి. అవునన్నవారికి వెంటనే మంజూరు చేయవచ్చు. రెండోది ఇప్పటికే అమల్లో ఉందని తెలిసి ఉపసంహరించుకుంటున్నాను: ఆ 2018 పథకం ప్రకారం నేరం జరిగిన నాటి నుంచో, కోర్టులో కేసు విచారణ ముగిసిన నాటి నుంచో మూడేళ్లలోగా పరిహారం అడగాలి. ఆలస్యాన్ని మన్నించాలో లేదో అధికారుల దయ. నిధి మురిగిపోదు, దాన్ని అడిగే హక్కుకే మురిగిపోయే సౌకర్యం కల్పించారు.