34 సైజు మహాశయులు

తెలుగునాట నలభై దాటిన మగవాడి నడుము పెరగదు. ఏ బట్టల షాపులోనైనా అడిగి చూడండి, "పెళ్లప్పుడూ 34, ఇప్పుడూ 34" అని ఛాతీ విరుచుకుని చెబుతాడు. అబద్ధమేం కాదు, ప్యాంటు నిజంగానే 34. కాకపోతే అప్పట్లో బొడ్డు దగ్గరున్న బెల్టు ఏటా కాస్త కాస్త దిగుతూ వచ్చి ఇప్పుడు బొజ్జ కింద తలదాచుకుంది. దానిమీద వేలాడుతున్నది మాత్రం నడుము లెక్కలోకి రాదు. బహుశా అది వేరే సర్వే నంబరు.

మన దక్షిణాసియా ఒళ్లకి నడుము చుట్టుకొలత గీత మగవాళ్లయితే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లయితే 80. అక్కడి నుంచి ప్రమాదమే. కొలవాల్సింది బెల్టు దగ్గర కాదు మహాప్రభో! చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ నడిమధ్య, చొక్కా మీద కాకుండా ఒంటి మీద, టేపు నేలకి సమాంతరంగా పట్టి, మామూలుగా ఊపిరి వదిలాక.

ఆ 'వదిలాక' దగ్గరే నాటకం మొదలు. హెల్త్ క్యాంపులో టేపు కనబడగానే మహాశయుడు బొజ్జనంతా పక్కటెముకల కిందికి ఎక్కించేస్తాడు. మొహం కందగడ్డ. "వదలండి సార్" అంటుంది నర్సమ్మ. "వదిలేశానమ్మా" అని సైగ. వెనక లైన్లో వాళ్లు కూడా చూసి నేర్చుకుని ముందుగానే బిగబట్టేస్తారు. ఆవిడ ఇలాంటివాళ్లని ఎంతమందిని చూసిందో, తాపీగా "మీ పేరేంటి సార్?" అంటుంది. పేరు చెప్పాలంటే గాలి కావాలి కదా. ఇంటిపేరు పూర్తయ్యేలోపే సరుకంతా దిగిపోతుంది. 104. "టేపు సాగినట్టుందమ్మా..."

మిగతా కాగితం కూడా అదే వరస. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 190, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్, ఇదొక్కటీ తగ్గితేనే చేటు) 36, పరగడుపు షుగరు 108, బీపీ 134/86. "అన్నీ బోర్డరే" అని ఇంటిల్లిపాదీ స్వీట్లు పంచుకుంటారు. అదే వరసలో గీతలు 150, 40, 100, 130/85, వీటికి తోడు నడుము: ఐదింట్లో ఏ మూడు గీత దాటినా మెటబాలిక్ సిండ్రోమే, అంటే షుగరు జబ్బుకీ గుండెజబ్బుకీ దారితీసే లక్షణాల మూట. ఈయన ఐదూ దాటాడు. డిస్టింక్షన్.

ఆ బొజ్జలోది చర్మం కింద ఊరికే పడుండే కొవ్వు కాదు. పేగుల చుట్టూ చేరి, కొవ్వు ఆమ్లాలని నేరుగా కాలేయంలోకి దింపేది. దాంతో ఇన్సులిన్ మాట చెల్లదు, మూత్రపిండాలు ఉప్పు వదలవు, బీపీ ఎక్కుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి ఎదురు తోసీ తోసీ ఎడమ జఠరిక (గుండెలో ఒంటికి రక్తం నెట్టే గది) గోడ మందమై బిరుసెక్కుతుంది. పిండడం బాగానే ఉంటుంది, సాగడమే మానేస్తుంది. ఎకో (గుండె స్కాను) రిపోర్టులో 'ఈఎఫ్ 60 శాతం', అంటే ఒక్కో పిండుకి గది బయటికి నెట్టే రక్తం వాటా, చూసి ఫ్రేము కట్టించుకునే పెద్దమనుషులు, దాని కింద 'గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్' (గది సరిగ్గా సాగి నిండడం లేదని) అన్న లైనుని ప్రింటరు పొరపాటనుకుంటారు. వయసుతో కొంత వచ్చేదేలెండి, కానీ 45కే ఎందుకొచ్చిందని అడిగేవాడేడీ? కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు. మెట్లెక్కినప్పుడే తెలిసేది. గుండె వేగం పెరిగేకొద్దీ నిండే వ్యవధి తగ్గుతుంది, సాగని గదిలో ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల మీదికి ఎదురు తంతుంది. అదీ ఆయాసం.

ఆయాసం ఆయనకొస్తే కార్డియాలజిస్టు. మరి ఇంట్లో ఆవిడకొస్తే? "గ్యాసు." "వయసు." "మోకాళ్లు." నీళ్ల బిందెతో రెండో అంతస్తు మలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడిన మనిషికి గ్యాసు గోళీ ఇచ్చి పంపేవాళ్లని ఏమనాలి? బుద్ధుండక్కర్లేదా? ముట్లుడిగాక కొవ్వు చేరేది పొట్టలోకేనని తెలీదా? ఈఎఫ్ బాగుండి కూడా గుండె ఫెయిలయ్యే ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువని తెలీదా? హెచ్‌డీఎల్ ఆవిడకి 50 ఉండాలి. 44 వస్తే, కాగితం మీద 40 అని అచ్చేసిన గీత చూసి "నార్మల్" అంటారు. చీర కుచ్చిళ్ల చాటున 80 ఎప్పుడు దాటిందో కొలిచిన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు, ఇంట్లో 34 సైజు మహాశయుడితో సహా.

టేపు ఎక్కడుందని అడగకండి. ఆవిడ కుట్టుమిషను సొరుగులోనే ఉంది. మీ ప్యాంటు నడుము వదులు చేయడానికి కిందటేడు వాడింది.