‘ఎమర్జెన్సీ బటన్ దండగ’ అంటున్న ఆ సందేశాన్ని ఇక ఎవరికీ పంపకండి

సొంతంగా సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ ఆదేశాల ప్రకారం చెక్కను చెక్కే మిషన్) కట్టుకుంటున్నవారి వాట్సాప్ గ్రూపుల్లో ‘ఇంటి సీఎన్‌సీకి ఏడు సూత్రాలు’ అనే సందేశం కొంతకాలంగా చక్కర్లు కొడుతోంది. గాజువాక ఆటోనగర్‌లో ఫ్రేములు వెల్డింగ్ చేసే మిత్రులు పంపారు. మధురవాడలో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు పంపారు. చెక్క మీద పేర్లు చెక్కి అమ్మాలనుకుంటున్న మా బావగారు కూడా పంపి, ‘ఇందులో ఉన్న సెట్టింగులన్నీ పెట్టేశాను’ అన్నారు. అక్కడితో నా ఓపిక అయిపోయింది.

ఏడింటిలో ఒకటి నిజం. రెండు పట్టించుకోనక్కరలేనివి. మూడు మిషన్‌నూ మన సమయాన్నీ పాడుచేసేవి. మిగిలిన ఒక్కటి మనిషి చేతిని తీసేది. ముందు దాని సంగతి చెబుతాను. మిగతాది చదవకపోయినా ఫరవాలేదు.

అది వరుసలో అయిదోది: ‘పని మధ్యలో అలారం 1 వచ్చి మిషన్ ఆగిపోతుంటే డాలర్ 20, 21, 22 మూడూ సున్నా చేయండి. డాలర్ ఎక్స్ కొట్టి పని కొనసాగించండి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ దండగ ఖర్చు, కంప్యూటర్‌లో రీసెట్ ఉంది కదా.’

ఈ డాలర్ అంకెలు జీఆర్‌బీఎల్ సెట్టింగులు. బోర్డు చిప్పులో ఉండి మోటార్లను నడిపే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, పేరు అది. 20 సాఫ్ట్ లిమిట్లు (ఫర్మ్‌వేర్ లెక్కలోని హద్దులు), 21 హార్డ్ లిమిట్లు (స్విచ్ తాకితే ఆపేవి), 22 హోమింగ్ (స్విచ్చుల దగ్గరికి వెళ్లి తన స్థానం తెలుసుకోవడం). అలారం 1 అంటే లిమిట్ స్విచ్ (కదలిక చివర ఉండే స్విచ్) పిన్ను దగ్గర సంకేతం మారిందని అర్థం. గాంట్రీ (బిట్‌ను మోస్తూ కదిలే చట్రం) ఏ స్విచ్‌నూ తాకకుండానే అది వస్తోందంటే వైరులోకి నాయిస్ (అక్కరలేని విద్యుత్ సంకేతం) చేరుతోందన్నమాట. జీఆర్‌బీఎల్ ఆ పిన్నును చిప్పు లోపలి పుల్‌అప్ రెసిస్టర్‌తోనే 5 వోల్టుల దగ్గర నిలబెడుతుంది. అది 20 నుంచి 50 కిలోఓములు ఉండే బలహీనమైన రెసిస్టర్. రూటర్ (ఇక్కడ బిట్‌ను తిప్పే మోటారు) వైరుతో కలిపి ఒకే కట్టగా లిమిట్ వైరును కట్టేస్తే, రూటర్ ఆన్ చేసిన క్షణంలోనే అలారం పడవచ్చు. పరీక్ష చాలా సులువు. రూటర్ ఆపి, మిషన్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఖాళీగా నడపండి. అప్పుడు రాని అలారం రూటర్ ఆన్ చేయగానే వస్తే దోషి దొరికినట్టే. లిమిట్ వైర్లను విడదీసి దూరంగా తీసుకెళ్లండి. షీల్డు ఉన్న కేబుల్ వేసి, ఆ షీల్డును ఒక్క చివరే గ్రౌండ్ చేయండి. పిన్ను నుంచి గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, పిన్ను నుంచి 5 వోల్టులకు 4.7 కిలోఓముల రెసిస్టర్ పెట్టండి. ఇంకా మొండికేస్తే సంకేతాన్ని వెలుతురు ద్వారా దాటించే ఆప్టోకప్లర్ ఉంది. ఇవేవీ ఖరీదైన వస్తువులు కావు.

స్విచ్చులను నార్మల్లీ క్లోజ్డ్‌గా (మామూలుగా కలిసి ఉండి, నొక్కితే విడిపోయేలా) కలిపి డాలర్ 5 (లిమిట్ సంకేతాన్ని తిరగేసే సెట్టింగ్) విలువ 1 చేయండి. డాలర్ 21 ఒకటిగా ఉంటే, వైరు తెగగానే మిషన్ వెంటనే ఆగుతుంది. నార్మల్లీ ఓపెన్‌గా కలిపితే వైరు తెగిన సంగతి గాంట్రీ వెళ్లి ఫ్రేమును గుద్దిన తర్వాతే తెలుస్తుంది. విశాఖలో ఈ జాగ్రత్త మరీ అవసరం. సముద్రపు గాలి నేరుగా తగిలే మేడ మీద గదిలో పెట్టిన మిషన్ మైక్రోస్విచ్ కాళ్లను ఒకసారి దగ్గరగా చూడండి. ఇత్తడి మీద పచ్చటి పొర, టంకం అంచున తెల్లటి పొడి కనిపిస్తాయి. ఆ వైరును రెండు వేళ్లతో కాస్త కదిపి, ప్రశ్నార్థకం పంపి స్థితి చూడండి. పీఎన్ అన్న చోట ఎక్స్ అక్షరం వస్తూ పోతూ ఉంటే జబ్బు అక్కడే ఉంది. ఏ పిన్ను పలుకుతోందో జీఆర్‌బీఎల్ స్వయంగా చెబుతోంది. దాన్ని చదవడం నేర్పకుండా దాని నోరు నొక్కేయమని చెప్పడం ఏం సలహా?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. డాలర్ 21 ఒక్కటీ సున్నా చేయడం తప్పు కాదు. హార్డ్ లిమిట్లు లేకుండా, హోమింగ్ చేసి సాఫ్ట్ లిమిట్ల మీద నడిపేవారు అనుభవజ్ఞుల్లోనే చాలామంది ఉన్నారు. అది పద్ధతైన పనే. హోమింగ్ అయిన మిషన్‌కు తానెక్కడుందో తెలుసు. డాలర్ 130, 131, 132లో ఇచ్చిన హద్దు దాటే ఆదేశం వస్తే దాన్ని అమలు చేయకుండా అలారం 2 ఇచ్చి ఆగుతుంది. సందేశం 21 దగ్గర ఆగి ఉంటే నేను ఇంత రాసేవాణ్ని కాదు. అది 20, 22 కూడా తీసేయమంటోంది. అంటే మిషన్‌కు తానెక్కడుందో తెలియదు, హద్దు ఎక్కడో తెలియదు, అంచును తాకినా తెలియదు. పైగా డాలర్ ఎక్స్ తాళం తీస్తుందే తప్ప పోయిన స్థానాన్ని తిరిగి తేదు. హార్డ్ లిమిట్‌కు మిషన్ ఉన్నపళంగా ఆగినప్పుడు మోటారు వేయాల్సిన చిన్న చిన్న కదలికలు, అంటే స్టెప్పులు, పోయి ఉంటాయి. డాలర్ హెచ్‌తో మళ్లీ హోమింగ్ చేయకుండా పని కొనసాగిస్తే మిగతా చెక్కుడంతా పక్కకు జరిగిపోతుంది, లేదా బిట్ నేరుగా క్లాంపు మీదికి వెళ్తుంది.

ఇక ఎమర్జెన్సీ బటన్. మనవాళ్ల మిషన్లలో చాలావాటి మీద ఉన్నది వడ్రంగులు చేత్తో పట్టుకుని వాడే చిన్న రూటర్, ట్రిమ్మర్. దాని ప్లగ్గు గోడ సాకెట్‌లో ఉంటుంది, దాని స్విచ్ దాని ఒంటి మీదే ఉంటుంది. నిమిషానికి 30 వేల చుట్ల దాకా తిరిగే ఆ బిట్ సంగతి ఫర్మ్‌వేర్‌కు తెలియనే తెలియదు. కంప్యూటర్‌లో రీసెట్ నొక్కితే గాంట్రీ ఆగుతుంది, బిట్ తిరుగుతూనే ఉంటుంది. చొక్కా చెయ్యి బిట్‌కు చుట్టుకున్నప్పుడు గాంట్రీ ఆగి ఏం లాభం? ఆ రీసెట్ కూడా యూఎస్‌బీ వైరు మీదుగానే వెళ్లాలి. రూటర్ నాయిస్‌కు తరచూ తెగిపోయేది ఆ యూఎస్‌బీ సంబంధమే. కంప్యూటర్ బిగుసుకుపోయిన సమయంలో మౌస్ పట్టుకుని ఏ బటన్ వెతుకుతారు? మోటారు డ్రైవర్లు గుచ్చే షీల్డు బోర్డు మీద అబార్ట్ పిన్నుకు బటన్ కలుపుకుంటే చాలని కొందరు అంటున్నారు. అదీ రీసెట్టే. కరెంటు తీయదు.

కావలసింది ఎర్రటి పుట్టగొడుగు తల బటన్. నొక్కితే అక్కడే నిలిచిపోవాలి, తిప్పితేనే పైకి రావాలి. దాని నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్ట్ ద్వారా కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటు ఉన్నంతసేపే పెద్ద కరెంటును కలిపి ఉంచే స్విచ్) కాయిల్‌కు కరెంటు, కాంటాక్టర్ గుండా రూటర్‌కూ మోటార్ల పవర్ సప్లైకీ కరెంటు వెళ్లాలి. స్టార్ట్ బటన్, దాన్ని వదిలాక కాయిల్‌ను పట్టి ఉంచే హోల్డింగ్ కాంటాక్ట్ కూడా పెట్టించుకోండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు ఆన్‌లో మిగిలిపోయిన ట్రిమ్మర్ తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. 230 వోల్టుల పని కాబట్టి ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఆటోనగర్‌లో ఏ లేత్ షెడ్డులో అడిగినా స్టార్టర్ పెట్టె తెరిచి చూపిస్తారు. లోహం కోసే ఆ పెద్దవాళ్లెవరూ ఈ బటన్‌ను దండగ అనరు. ఇంటి గదిలో, పక్కన పిల్లలు తిరిగే చోట, మిషన్ ముందు మొదటిసారి కూర్చున్న కుర్రవాడికి దండగ అని ఎలా చెప్పగలిగారు?

మిగిలినవి చూద్దాం. ‘ఈ సెట్టింగులు దించుకోండి, ఏ మిషన్‌కైనా సరిపోతాయి’ అన్నది మూడోది. డాలర్ 100, 101, 102 (ఒక మి.మీ.కు ఎన్ని స్టెప్పులో చెప్పేవి) మూడూ 250, గరిష్ఠ వేగం నిమిషానికి 5000 మి.మీ., డాలర్ 32 విలువ 1. ఏ మిషన్‌కైనా ఎలా సరిపోతాయి? మనలో చాలామంది వాడే టీ8 స్క్రూ ఒక చుట్టుకు 8 మి.మీ. నడుస్తుంది. చుట్టుకు 200 స్టెప్పుల మోటారును 16 మైక్రోస్టెప్పుల మీద (ఒక్కో స్టెప్పును 16 ముక్కలు చేసి) నడిపితే 3200, దాన్ని 8తో భాగిస్తే 400. అదే టీ8 పేరుతో చుట్టుకు 2 మి.మీ. నడిచే స్క్రూ కూడా అమ్ముతారు, దానికి 1600. 1605 బాల్‌స్క్రూకు 640. 20 పళ్ల పుల్లీ మీద జీటీ2 బెల్టుకు 80. 250 అన్నది జీఆర్‌బీఎల్ కోడ్‌లో ముందుగా రాసి ఉండే అంకె, మీ మిషన్‌ను చూసి పెట్టింది కాదు.

8 మి.మీ. స్క్రూ ఉన్న మిషన్‌కు 250 పెట్టి 100 మి.మీ. కదలమంటే 62.5 దగ్గర ఆగుతుంది. అప్పుడు స్కేలు పెట్టి కొలుస్తూ అంకెను కొద్దికొద్దిగా జరుపుకుంటూ కూర్చుంటారు. అక్కరలేదు, తేడా ఏ నిష్పత్తిలో ఉందో చూడండి. సరిగ్గా సగమో రెట్టింపో వస్తే మోటారుకు కరెంటు పంపే డ్రైవర్ కింది మైక్రోస్టెప్ జంపర్లు చూడాలి. నాలుగో వంతో నాలుగింతలో వస్తే స్క్రూ లీడ్‌ను, అంటే చుట్టుకు నడిచే దూరాన్ని, అనుమానించాలి. ఒకసారి 99.2, ఇంకోసారి 98.7 వస్తుంటే అది ఫర్మ్‌వేర్ సంగతే కాదు. నట్టు అరిగి ఉంటుంది, కప్లింగ్ వదులై ఉంటుంది, లేదా స్టెప్పులు పోతున్నాయి. దాన్ని డాలర్ 100తో సరిచేయబోతే కొలత ఎన్నటికీ నిలకడగా రాదు. వేగం సంగతికొస్తే, మనం వాడే చిన్న ఆర్డుయినో ఊనో బోర్డు మీద జీఆర్‌బీఎల్ సెకనుకు సుమారు 30 వేల స్టెప్పులు పంపగలదు. 1600 లెక్కన నిమిషానికి 5000 మి.మీ. కావాలంటే సెకనుకు లక్షా 33 వేలు పంపాలి. ఈ చిన్న గుణకారం కూడా చేయకుండా ‘అనుభవంతో చెబుతున్నాం’ అని రాశారు.

డాలర్ 32 అంటే లేజర్ మోడ్. అది పెడితే కదలిక నునుపుగా వస్తుందట. స్పిండిల్‌ను (బిట్‌ను తిప్పే మోటారును) బోర్డే నడిపే మిషన్లలో ఏం జరుగుతుందో చెబుతాను. లేజర్ మోడ్‌లో జీ0 (కోయకుండా వేగంగా జరిగే) కదలికప్పుడు స్పిండిల్ సంకేతం ఆగిపోతుంది, జీ1 (కోసే కదలిక) మొదలవగానే వస్తుంది. లేజర్‌కు కావలసింది అదే. స్పిండిల్‌కు పూర్తి వేగం అందుకోవడానికి సమయం పడుతుంది. అందుకోకముందే బిట్ చెక్కలోకి దిగి విరుగుతుంది.

నాలుగోది: ‘మోటారు స్టెప్పులు తప్పుతుంటే డ్రైవర్ మీది చిన్న స్క్రూను చివరిదాకా తిప్పండి.’ ఏ4988 డ్రైవర్ హీట్‌సింక్, గాలి లేకుండా భరించేది సుమారు 1 ఆంపియర్. ఆ స్క్రూ మోటారుకు వెళ్లే కరెంటును నిర్ణయిస్తుంది. చివరిదాకా తిప్పితే చిప్పు వేడెక్కి తనను తాను ఆపుకుంటుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. ఆ మధ్యలో పోయేవి స్టెప్పులే! ఏ రోగానికి మందు అన్నారో ఆ రోగమే వస్తుంది. మల్టీమీటర్ ఎర్ర కొనను ఆ స్క్రూ మీద, నల్ల కొనను గ్రౌండ్ మీద పెట్టి వోల్టేజీ చూడండి. సెన్స్ రెసిస్టర్లు 0.1 ఓము ఉన్న ఏ4988కి 0.8 వోల్టులంటే 1 ఆంపియర్. డీఆర్‌వీ8825కి లెక్క వేరు, 0.5 వోల్టులకే 1 ఆంపియర్. ఒకదాని లెక్క రెండోదానికి వాడకండి. కరెంటు ఉండగా మోటారు వైరు మాత్రం ఊడదీయకండి, డ్రైవర్ ఆ క్షణంలోనే పోవచ్చు.

‘ఏ సమస్య వచ్చినా ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించండి’ అన్నది ఆరోది. మోటారు తిరగకపోతే ఫర్మ్‌వేర్, బిట్ విరిగితే ఫర్మ్‌వేర్, నట్టు వదులైతే ఫర్మ్‌వేర్! యూఎస్‌బీ ద్వారా ఎక్కించేది ఫ్లాష్ మెమరీలోకి వెళ్తుంది. మీ సెట్టింగులు ఉండేది ఈఈప్రామ్ అనే వేరే మెమరీలో. అదే వెర్షన్‌ను ఎన్నిసార్లు ఎక్కించినా తప్పు అంకె అక్కడే కూర్చుని ఉంటుంది. జెడ్ (పైకీ కిందికీ కదిలే అక్షం) లిమిట్ పనిచేయడం లేదని రోజంతా ఫర్మ్‌వేర్ ఎక్కిస్తూ గడిపినవారు మన గ్రూపులోనే ఉన్నారు. మూడో వెర్షన్ సీఎన్‌సీ షీల్డు మీద జెడ్ లిమిట్ అని రాసి ఉన్నది 11వ పిన్ను. జీఆర్‌బీఎల్ 1.1లో 11 స్పిండిల్ వేగానికి వెళ్లిపోయింది, జెడ్ లిమిట్ 12కు మారింది. షీల్డు మీద 12 దగ్గర స్పిండిల్ ఎనేబుల్ అని రాసి ఉంటుంది. జెడ్ వైరును అక్కడికి మార్చాలి. మార్చకపోతే స్విచ్ నొక్కుకున్నప్పుడల్లా బయటికి సంకేతం పంపే పిన్ను గ్రౌండ్‌కు షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది.

సీహెచ్340 చిప్పున్న నకలు బోర్డుల మీద జీఆర్‌బీఎల్ నడవదన్నది మొదటిది. నడుస్తుంది. కంప్యూటర్‌లో ఆ చిప్పు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. మార్లిన్ అనే ఇంకో ఫర్మ్‌వేర్ త్రీడీ ప్రింటర్లకే అన్నది రెండోది. అందులో స్పిండిల్ ఆదేశాలున్నాయి, చెక్క కోసుకోవచ్చు.

ఏడోది నిజమైన మాట: ‘ఖరీదైన 32 బిట్ బోర్డు వద్దు, ఊనో చాలు.’ 2009లో సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ మొదలుపెట్టిన ఈ ఫర్మ్‌వేర్ 32 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్ ఉన్న చిప్పులో మూడు అక్షాలను చక్కగా నడుపుతుంది. చెక్క, యాక్రిలిక్ చెక్కేవారికి అంతకంటే అక్కరలేదు. అంగట్లో పెద్ద బోర్డు అంటగట్టబోతే వద్దనండి, ఆ డబ్బుతో కాంటాక్టర్ కొనండి.

ఆ సెట్టింగులు ఇప్పటికే పెట్టేసినవారు ముందు రెండు డాలర్లు కొట్టి వచ్చిన జాబితాను ఒక ఫైలులో దాచుకోండి. డాలర్ 32ను సున్నా చేయండి, స్టెప్పులు మీ స్క్రూను బట్టి లెక్కకట్టండి, డాలర్ 22ను ఒకటి చేయండి. బిట్ తీసేయండి. ఒక్కో లిమిట్ స్విచ్‌ను వేలితో నొక్కి, స్థితిలో సరైన అక్షరమే వస్తోందని చూశాక, చెయ్యి కరెంటు స్విచ్ మీద ఉంచి డాలర్ హెచ్ పంపండి. ముందుగా జెడ్ పైకి వెళ్లాలి. కిందికి దిగితే వెంటనే కరెంటు తీసేయండి. మోటారు దిశ తిరగబడి ఉంటే డాలర్ 3, హోమింగ్ దిశ తిరగబడి ఉంటే డాలర్ 23 మార్చాలి. హోమింగ్ సరిగ్గా అయి, డాలర్ 130 నుంచి 132 దాకా మీ మిషన్ కొలతలు ఇచ్చాకే డాలర్ 20ని ఒకటి చేయండి. 22 సున్నాగా ఉండగా చేయబోతే జీఆర్‌బీఎల్ ఒప్పుకోదు.