మైదానానికీ ఒక స్టడీ అవర్

మా కాలనీ చివర ఒక క్రికెట్ శిక్షణ కేంద్రం ఉంది. మొన్న ఆదివారం మేనల్లుణ్ణి దింపడానికి వెళ్లి ఓ అరగంట నెట్స్ పక్కన నిలబడ్డాను. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. పదేళ్ల పిల్లవాడు చేతిలో పడ్డ క్యాచ్ వదిలేస్తే తోటివాళ్లు నవ్వారు, వాడూ నవ్వాడు. కోచ్ కూడా నవ్వేసి, "మళ్లీ పట్టరా" అంటూ ఇంకో బంతి ఎగరేశాడు. మార్కులు కోయలేదు. ఇంటికి ఫోను చేయలేదు. సెక్షను మార్చలేదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇంత దేశానికీ కలిపి ఆరు పతకాలు, అందులో స్వర్ణం సున్నా. కారణం నాకు అప్పుడు బోధపడింది. అదే జేఈఈ ఫలితాల మర్నాడు మన పత్రిక తెరవండి: పేజీకి నాలుగు ఒకటో ర్యాంకులు! (కేటగిరీ అన్న మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకోవడం మర్యాద కాదు.) ఒకే పరీక్షలో ఇన్ని ఒకట్లు పండించే విద్య చేతిలో ఉండగా ఆటలకు ఈ దరిద్రం ఎందుకు?

ముందుగా మైదానం తీసేయాలి. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం రాసుకుంది. అయినా నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో, కింద మందుల దుకాణం, పైన ఫౌండేషన్ తరగతులు చక్కగా నడుస్తున్నాయి. మైదానం లేని బడి నడిచినప్పుడు మైదానం లేని క్రికెట్ నడవదా?

తెల్లవారుజామున నాలుగున్నరకు స్టడీ అవర్. కవర్ డ్రైవ్ మీద వంద బిట్లు. "ఆఫ్ స్టంప్‌కు దూరంగా వెళ్లే బంతిని: ఎ) వదలాలి బి) ఆడాలి సి) రెండూ డి) ఏదీ కాదు." ఎందుకని అడిగినవాణ్ణి డౌట్ల గదికి పంపాలి. తాళం డీన్ దగ్గర ఉంటుంది. వారాంతపు పరీక్షలో సరైన షాట్‌కు నాలుగు మార్కులు, తప్పితే మైనస్ ఒకటి. తెలివైన పిల్లవాడు బ్యాటు ఎత్తనే ఎత్తడు. సున్నా దగ్గర నాటౌట్‌గా నిలుస్తాడు.

స్టార్ బ్యాచ్‌కు తోలు బంతి. తర్వాతి సెక్షన్లకు రబ్బరు బంతి. చివరి సెక్షనుకు బంతి బొమ్మ ఉన్న మెటీరియల్. ఫీజు మాత్రం అందరికీ ఒకటే, అక్కడ వివక్ష పనికిరాదు. జట్టులో చోటు రానివాళ్లకు ఎలాగూ లాంగ్‌టర్మ్ ఉంది.

గచ్చిబౌలి గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ సంగతేమిటని కొందరు అడుగుతారు. 2012 ఒలింపిక్స్‌లో సైనాకు కాంస్యం, 2016 రియోలో సింధుకు రజతం. అంతేగా? మా వీధి ఫ్లెక్సీ మీద అంతకు పదింతల ముఖాలున్నాయి. రియోకు ముందు ఆయన సింధు ఫోను మూడు నెలలు తీసుకున్నారు, పద్ధతి మంచిదే. కానీ పతకం రాగానే తిరిగిచ్చేశారు. మన హాస్టళ్లయితే రెండేళ్లు అట్టే పెట్టేవి.

ఇవన్నీ కాగితం మీద పెట్టి కోచ్‌కు ఇచ్చాను. సున్నంతో క్రీజు గీస్తున్న మనిషి చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మావాడు జూన్‌లో ఆరో తరగతి ఫౌండేషన్‌లో చేరుతున్నాడని కూడా చెప్పాను.

"అయితే జూన్ దాకా ఆడనివ్వండి సార్" అన్నాడు.

పక్కనే మావాడు జూన్‌కు ఎన్ని ఆదివారాలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. లెక్కల్లో మంచి ర్యాంకే వచ్చేటట్టుంది.