‘30 రోజుల్లో 1600 మీటర్లు’ మెసేజ్: ఏది తప్పు, ఎందుకు తప్పు

కానిస్టేబుల్ నోటిఫికేషన్ రాబోతోందని వినబడితే చాలు, గ్రూపుల్లో ఆ ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్ష గురించి ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదే: “30 రోజుల్లో 1600 మీటర్లు గ్యారంటీ. ఒక్క రోజు కూడా మానొద్దు. రోజూ టైము పెట్టుకుని 1600 కొట్టు, రోజుకు 5 సెకన్లు తగ్గించు. కాళ్ళు నొప్పి పుడితే ఆగొద్దు, నొప్పి మీదే పరుగెత్తితే నొప్పి చచ్చిపోతుంది. మరీ ఎక్కువైతే ముందు ఒక మాత్ర వేసుకుని బామ్ రాయి. స్ట్రెచింగ్ బాగా చేస్తే దెబ్బలు తగలవు. బూట్లు లేకుండా పరుగెత్తితే కాళ్ళు గట్టిపడతాయి.”

ముందు లెక్క చూద్దాం. రోజుకు 5 సెకన్ల చొప్పున 30 రోజులకు 150 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాలు. ఈ రోజు 9 నిమిషాల 30 సెకన్లు పట్టేవాడు నెల తిరిగేసరికి 7 నిమిషాలకు వచ్చేస్తాడు. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగ అభ్యర్థులకు 1600 మీటర్లకు గడువు 7 నిమిషాల 15 సెకన్లు, అమ్మాయిలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు. ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ళకు 1600 మీటర్లకు 8 నిమిషాలు. కాగితం మీద అందరూ క్వాలిఫై అయినట్టే.

మొదటి పది రోజులు టైము నిజంగానే తగ్గుతుంది. ఆ పది రోజుల మీదే ఈ మెసేజ్ బతుకుతోంది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళకు వారం పది రోజుల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది, ఆయాసం తగ్గుతుంది. దానికి తోడు మొదటి రౌండు గుడ్డిగా ఉరకకూడదని బుద్ధి తెలుస్తుంది. రెండూ అయిపోయాక టైము దిగడం నెమ్మదిస్తుంది. అప్పుడు మెసేజ్ నమ్మినవాడు తన కష్టం చాలలేదనుకుని ఇంకా గట్టిగా తోస్తాడు. సరిగ్గా ఆ మూడో నాలుగో వారంలోనే కాళ్ళు మొరాయిస్తాయి.

“ఒక్క రోజు కూడా మానొద్దు”

దమ్ము, కండ, ఎముక ఒకే వేగంతో మారవు. దమ్ము వారాల్లో పెరుగుతుంది. కండలకు నెలా రెండు నెలలు కావాలి. కండను ఎముకకు కట్టే టెండన్లకు, ఎముకకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఎముక గట్టిపడే తీరు కూడా విచిత్రం. కొత్త బరువు పడగానే శరీరం ముందు పాత ఎముక పదార్థాన్ని కొంత తవ్వి తీసేస్తుంది. దానికి దాదాపు మూడు వారాలు. ఆ గుంతల్లో కొత్త ఎముక నిండి గట్టిపడడానికి మూడు నెలల దాకా పడుతుంది. అంటే శిక్షణ మొదలైన మూడో వారం నుంచి కొంతకాలం ఎముక మొదటి రోజుకంటే బలహీనంగా ఉండే అవకాశం ఉంది. దమ్ము మాత్రం అప్పుడే బాగా పెరిగి “ఇంకో రౌండు కొట్టు” అంటుంది.

ఇది సైన్యాలకు ఎప్పటినుంచో తెలిసిన సంగతి. 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ కవాతు చేసే సైనికుల పాదాల్లో వాపు, నొప్పి గురించి రాశాడు. అవి వెంట్రుకవాసి ఎముక పగుళ్ళని ఎక్స్‌రే వచ్చాక 1897లో తేలింది. ఇప్పుడు వాటినే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటున్నాం.

కాబట్టి కొత్తవాళ్ళు మొదటి ఆరు వారాలు వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు పరుగెత్తాలి. మధ్య రోజుల్లో సైకిలు, ఈత, వేగంగా నడక, కాళ్ళ వ్యాయామం ఏదైనా సరే. రోజూ టైము పెట్టుకుని 1600 కొట్టడం పరీక్ష రాయడమే తప్ప చదవడం కాదు. రెండు వారాలకు ఒకసారి టైము చూసుకుంటే చాలు.

ఇక్కడ ఇంకో మాట. ఈ మెసేజ్‌ను తప్పుపట్టేవాళ్ళు “వారానికి 10 శాతమే పెంచితే ఏమీ కాదు” అంటుంటారు. అదీ మంత్రం కాదు. 2008లో నెదర్లాండ్స్‌లో 500 మందికి పైగా కొత్త రన్నర్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 13 వారాల నిదానమైన 10 శాతం ప్లాను, ఇంకో గుంపుకి 8 వారాల మామూలు ప్లాను ఇచ్చి చూశారు. రెండింటిలోనూ ఐదుగురిలో ఒకరికి దెబ్బ తగిలింది. శాతాల కంటే పనికొచ్చే కట్టుబాటు ఇది: గత నెలలో ఒకేసారి పరుగెత్తిన అతి పెద్ద దూరాన్ని ఒక్క ఉదయంలో బాగా దాటిపోవద్దు, దూరాన్నీ వేగాన్నీ ఒకే వారంలో పెంచొద్దు.

“నొప్పి మీదే పరుగెత్తితే నొప్పి చచ్చిపోతుంది”

మొత్తం మెసేజ్‌లో ఎక్కువ నష్టం చేసేది ఈ వాక్యమే. సగం నిజం ఉండడం వల్ల మరీ ప్రమాదకరం. పరుగు మర్నాడు తొడల్లో, పిక్కల్లో రెండు వైపులా పట్టేసినట్టుండే కండ నొప్పి రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది, ఆ నొప్పితో మెల్లగా కదిలితే మంచిదే. ఎముక నొప్పి అలా కాదు. తేడా తెలుసుకోవడం ఎలా?

మోకాలికీ చీలమండకీ మధ్య ముందున్న ఎముకను, దాని లోపలి అంచు వెంబడి వేలితో నొక్కుతూ రండి. కనీసం 5 సెంటీమీటర్ల పొడవునా నొప్పి పరుచుకుని ఉంటే, పరుగు మొదట్లో ఉండి వేడెక్కాక తగ్గితే, అది అందరూ షిన్ పెయిన్ అనేది. పరుగు సగానికి తగ్గించి, మెత్తటి నేల మీదికి మారి, పిక్కల వ్యాయామం చేస్తే ఎక్కువమందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అలా కాక ఒక్క చోటే, వేలికొన పట్టేంత చోటులో, నొక్కగానే ఉలిక్కిపడేలా ఉంటే, పరుగెత్తేకొద్దీ పెరుగుతుంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే అది పగులు కావచ్చు. ఆ కాలి మీద ఒక్కసారి గెంతితే అదే చోట పోటు వస్తుంది. నడిస్తేనే నొప్పిగా ఉంటే గెంతి చూడనక్కర్లేదు, నేరుగా ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రే మామూలుగా కనిపించవచ్చు. “ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు” అని మర్నాడే గ్రౌండుకి వెళ్ళేవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే. అనుమానం మిగిలితే ఎంఆర్‌ఐ అవసరమా అని అడగండి. గజ్జల్లో లోతుగా, పాదం పైభాగం మధ్యలో, షిన్ ఎముక ముందు అంచు మీద వచ్చే నొప్పులను మరీ తేలిగ్గా తీసుకోకూడదు. ఆ చోట్ల పగులు సరిగా అతకకపోవడం, పూర్తిగా విరగడం ఉంటాయి.

ఎముకది కాని నొప్పికి ఫిజియోలు వాడే కొలత సులువు. సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. పరుగులో మూడు దాటకుండా, మర్నాడు పొద్దున లేచేసరికి పాత స్థితికి వస్తే సాగించవచ్చు. మూడు దాటినా, కుంటడం మొదలైనా ఆ రోజుకి ఆపాలి. మర్నాడు ఎక్కువైతే నిన్నటి దూరం ఎక్కువైందని అర్థం.

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగేటప్పుడూ బాసింపట్టు వేసుకుని లేచేటప్పుడూ కలుక్కుమంటే, అంగలు మరీ చాచడం ఒక కారణం కావచ్చు. నిమిషానికి పడే అడుగులు లెక్కపెట్టి 5 నుంచి 10 శాతం పెంచండి. 156 ఉంటే 165 దాకా. వేగం అదే, అంగ పొట్టిది అవుతుంది, చిప్ప మీద బరువు తగ్గుతుంది. తొడ ముందు కండకు, పిరుదులకు బలం కూడా కావాలి. మోకాలికి పట్టీ వేసుకోవడం ఈ రెండింటికీ బదులు కాదు.

పొద్దున మంచం దిగగానే మడమ వెనక బిగుసుకుపోయి, పది అడుగులకు వదిలితే అది అకిలీస్ టెండన్. దాన్ని లాగి స్ట్రెచ్ చేస్తే తగ్గదు, మెల్లగా బరువు మోయించాలి. మునివేళ్ళ మీద మూడు సెకన్లలో లేచి, మూడు సెకన్లలో దిగడం, 15 చొప్పున మూడుసార్లు, రోజు విడిచి రోజు.

చీలమండ బెణికితే కట్టు కట్టించుకోవడానికి పరుగెత్తకముందు మూడు సంగతులు చూడాలి: దెబ్బ తగిలిన వెంటనేగానీ తర్వాతగానీ నాలుగడుగులు వేయలేకపోవడం, చీలమండ గుబ్బల వెనక అంచున నొక్కితే నొప్పి, పాదం మధ్యలో లోపలివైపున్న ఎముక మీదగానీ బయటి అంచు మధ్యలోని బొడిపె మీదగానీ నొక్కితే నొప్పి. ఏ ఒక్కటి ఉన్నా ముందు ఎక్స్‌రే. తోమడాలు, లాగడాలు అంతకుముందు వద్దు.

“ముందు ఒక మాత్ర, బామ్”

డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు నొప్పిని కప్పుతాయి, పగులును అతికించవు. ఆపమని చెప్పే ఒకే ఒక గంటను మనమే కట్టేసుకున్నట్టు. అంతకంటే పెద్ద ఇబ్బంది కిడ్నీలతో. ఎండలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసే రసాయనాలను ఈ మందులే అడ్డుకుంటాయి. ఖాళీ కడుపుతో వేసుకుంటే జీర్ణాశయంలో పుళ్ళు అదనం. ఈవెంట్స్ (పరుగు లాంటి దేహ పరీక్షలు) రోజు ఉదయం ఇంజెక్షన్ చేయించుకుని గ్రౌండులో దిగడానికీ ఇదే వర్తిస్తుంది. బామ్ చర్మానికి చల్లగానో వెచ్చగానో అనిపిస్తుంది, ఎముక దాకా చేరదు. రాసుకుంటే నష్టమూ లేదు, అంతే.

“స్ట్రెచింగ్ చేస్తే దెబ్బలు తగలవు”

2000లో వచ్చిన ఆస్ట్రేలియా సైన్యపు అధ్యయనంలో 1538 మంది కొత్త సైనికులను 12 వారాలు గమనించారు. సగంమంది వార్మప్‌లో కాళ్ళ కండలను సాగదీశారు, సగంమంది సాగదీయలేదు. దెబ్బల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. చేరేనాటికి దమ్ము తక్కువ ఉన్నవాళ్ళకే ఎక్కువ దెబ్బలు తగిలాయి. అంటే సాగదీతల మీద పెట్టే పావుగంటను మొదటి నెల నడక, జాగింగ్ మీద పెడితే లాభం. పరుగుకు ముందు 5 నిమిషాలు వేగంగా నడక, 5 నిమిషాలు మెల్లగా జాగింగ్, కాళ్ళు ముందుకూ వెనక్కూ ఊపడం, తర్వాత 60 మీటర్లు మూడుసార్లు క్రమంగా వేగం పెంచుతూ. అది చాలు.

బూట్ల సంగతి పొట్టిగా: చిన్నప్పటినుంచి వట్టి కాళ్ళతో పొలం గట్ల మీద తిరిగినవాళ్ళ మాట వేరు. బూట్లకు అలవాటుపడ్డ కాలు ఉన్నట్టుండి సిమెంటు రోడ్డు మీద వట్టిగా దిగితే, బరువంతా పిక్క, అకిలీస్, పాదం ముందు ఎముకల మీదికి మారుతుంది. ఖరీదైన బూట్లు అక్కర్లేదు. బొటనవేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండి, మడమ జారకపోతే చాలు. అట్టడుగు ఒకవైపే అరిగిపోయినవి మార్చండి.

30 రోజులు కాకపోతే మరెన్ని? ఏమీ అలవాటు లేనివాళ్ళకు 12 వారాలు పెట్టుకోవడం నయం. మొదటి వారం: ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక, ఎనిమిదిసార్లు. రెండో వారం రెండుకు రెండు, మూడో వారం మూడుకు ఒకటి. వేగం ఎంతంటే, పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత. ఆరో వారానికి 20 నుంచి 25 నిమిషాలు ఆగకుండా రావాలి. ఇది రాకముందు స్పీడు జోలికి పోవద్దు. ఏడో వారం నుంచి మూడు రోజుల్లో ఒక్క రోజే వేగం: మొదట 200 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో 200 నడక. తొమ్మిదో వారం నుంచి 400 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో మూడు నిమిషాలు విరామం. ఎంత వేగంతో? 7.15 కావాలంటే 400 మీటర్ల రౌండుకి 1 నిమిషం 48 సెకన్లు, 200కి 54 సెకన్లు. 8 నిమిషాలకైతే రౌండుకి 2 నిమిషాలు. 800 మీటర్లు 5.20లో కావాలంటే రౌండుకి 2 నిమిషాల 40 సెకన్లు. అంతకంటే జోరుగా కొట్టడం గొప్ప కాదు, నాలుగో రౌండు కూడా అదే టైములో రావడం గొప్ప. దీనికి తోడు వారానికి మూడుసార్లు మునివేళ్ళ మీద లేవడం, మోకాళ్ళు తిన్నగా ఒకసారి, కొంచెం వంచి ఒకసారి. మెల్లమెల్లగా ఒంటికాలి మీద 25 వచ్చేదాకా.

అమ్మాయిలకు ఒక హెచ్చరిక. శిక్షణ మొదలయ్యాక తిండి తగ్గించి, నెలసరి ఆగిపోతే దాన్ని మంచి శిక్షణకు గుర్తుగా కొందరు కోచ్‌లు చెబుతుంటారు. శుద్ధ తప్పు. ఖర్చయ్యేదానికి సరిపడా తినడం లేదని శరీరం చెబుతున్న మాట అది. ఆ స్థితిలో ఎముక పగుళ్ళు పెరుగుతాయి. అన్నం, పప్పు, గుడ్లు, పాలు పెంచాలి, డాక్టర్‌ను కలవాలి.

దెబ్బ తగిలి ఆగాల్సి వస్తే దమ్ము మొత్తం పోతుందన్న భయంతోనే చాలామంది తొందరగా దిగుతారు. వారం పది రోజులకు పోయేది చాలా కొద్ది, నొప్పి పుట్టించని సైకిలు తొక్కితే అదీ నిలుస్తుంది. తిరిగి దిగడానికి గుర్తు: నొప్పి లేకుండా 30 నిమిషాలు వేగంగా నడవగలగడం. తర్వాత ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పదిసార్లు, రోజు విడిచి రోజు. రెండు మూడు వారాలు ఆగినవాళ్ళు పాత దూరంలో సగంతో మొదలుపెట్టాలి.

ఈవెంట్స్‌కు ముందు వారం టైము చూసుకోవద్దు. దూరం సగానికి దించి, మూడు రోజుల ముందు అనుకున్న వేగంతో 200 నాలుగుసార్లు కొట్టి వదిలేయండి. ఆ రోజు బ్యాచ్ అంతా విజిల్ వినగానే ఉరుకుతుంది, మొదటి రౌండు 1 నిమిషం 25 సెకన్లకు పోయేవాళ్ళుంటారు. 7.15 మీ గడువైతే మీరు 1 నిమిషం 45కి తక్కువ పోవద్దు. వాళ్ళలో చాలామంది మూడో రౌండులో మీకు ఎదురుగా దొరుకుతారు.