పేజీకి తొందరేముంది?

వెబ్ డెవలప్‌మెంట్ అంటే వెబ్ పేజీలు రాయడమనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. వాళ్ల మీద జాలితో ఈ నాలుగు ముక్కలు. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ రెండేళ్లుగా ఈ విద్యను అభ్యసిస్తున్నాను. ఇంతవరకూ ఒక్క పేజీ కూడా రాయలేదు. అంత లోతుకు వెళ్లాను మరి.

మొదటి ఆరు నెలలు జాంపా, వ్యాంపా అన్న మీమాంసకే సరిపోయాయి. సొంత కంప్యూటర్‌నే సర్వర్‌గా, అంటే పేజీలు వడ్డించేదిగా, మార్చే సాఫ్ట్‌వేర్ మూటలివి. రెండింట్లో ఉండేవి పేజీలు వడ్డించే అపాచీ, సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ, సమాచారం దాచే ఓ డేటాబేసే కదా అన్నాడు రూమ్మేట్. పులిహోరలోనూ దద్ధ్యోజనంలోనూ ఉండేది అన్నమే కదా అన్నట్టు! జాంప్‌లో ఫైళ్లు హెచ్‌టీడాక్స్ ఫోల్డర్లో పెట్టాలి, వ్యాంప్‌లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్లో. ఏ ఇంట్లో పాలు పొంగించాలో తేలకుండా కాపురం మొదలెడతామా?

చివరికి జాంప్ వేశాను. అపాచీ లేవలేదు. రిజర్వేషన్ బెర్తు మీద ఎవరో ముసుగుతన్ని పడుకున్నట్టు, అపాచీ కూర్చోవాల్సిన 80వ పోర్టులో, అంటే కంప్యూటర్‌కున్న 80వ నంబరు గుమ్మంలో, ఇంకేదో ప్రోగ్రాం తిష్ఠ వేసింది. టీటీఈని పిలిచినట్టు, ఏ పోర్టులో ఎవరున్నారో చెప్పే నెట్‌స్టాట్ కమాండ్‌ని పిలిచాను. పడుకున్నవాడు లేవలేదు. మనమే 8080కి సర్దుకున్నాం.

ఆ తర్వాత అసలు రహస్యం బయటపడింది. జాంప్‌లో మైఎస్‌క్యూఎల్ అన్న డేటాబేస్ బటన్ నొక్కితే లోపల నడిచేది మరియాడీబీ అనే ఇంకో డేటాబేస్! 2015 నుంచీ ఇదే వరస. రెండింటికీ మూలపురుషుడు మాంటీ వైడేనియస్ అనే ఫిన్లాండ్ ఆయనే. ఆయన పెద్దమ్మాయి పేరు మై, చిన్నమ్మాయి పేరు మరియా; ఆ పేర్లే వీటికి పెట్టాడు. బోర్డు అక్కది, కాపురం చెల్లెలిది. దీని మీద నెల రోజులు ఆలోచించాను.

మనసు విరిగి వ్యాంప్‌కి మారాను. అన్నీ లేచాయనడానికి దాని గుర్తు ఎరుపు నుంచి నారింజకి వచ్చి, ఆకుపచ్చ కావాలి. నారింజ దగ్గర మూడు వారాలు నిలబడ్డాను. మైత్రీవనం సిగ్నల్ కూడా అంతసేపు ఆపదు.

ఈలోగా రూమ్మేట్ నోట్‌ప్యాడ్‌లో ఏదో గీకి, డాట్ హెచ్‌టీఎంఎల్ అని సేవ్ చేసి, డబుల్ క్లిక్ కొట్టాడు. సర్వర్ లేకుండానే! తర్వాత పీహెచ్‌పీ మొదలెట్టాడు. 2012లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచీ పీహెచ్‌పీ లోపలే చిన్న సర్వర్ ఉందట, ఒక్క లైను కొడితే లేస్తుందట. రంగు లేదు, గుర్తు లేదు. పైగా అది రాసుకుని పరీక్షించుకునేవాళ్ల కోసమేనని పీహెచ్‌పీ వాళ్లే చెప్పారు. రాసుకునేవాళ్ల గొడవ మనకెందుకు?

నిన్న వాడు హాస్టల్ మెస్ మెనూ పేజీ చూపించాడు. ఆదివారం చికెన్ అని ఎర్రక్షరాల్లో వెలుగుతోంది.

"బాగానే ఉందిరా, పునాదే లేదు" అన్నాను. వాడు నా స్క్రీన్ వైపు చూశాడు. జాంప్, వ్యాంప్‌ల లాంటిదే ఇంకో మూట, ల్యారగాన్, డౌన్‌లోడ్ అవుతోంది.