నా చెమటను మింగిన మాత్రకు

మహారాజరాజశ్రీ యాంటీ ఆక్సిడెంట్ మాత్ర గారి సముఖానికి,

విజయనగరం పెద్ద చెరువు గట్టు మీద రోజూ తెల్లవారుజామున ఆయాసపడే ఒక గుమాస్తా రాసుకున్న విన్నపం.

తమరు మా ఇంట అడుగుపెట్టింది సంక్రాంతి వెళ్లిన వారానికి. ముదురు గోధుమ రంగు సీసా, మూత తీస్తే దూది ఉండ, దాని కింద నారింజ రంగులో తమరు, తమరి పక్కన 'తినకూడదు' అని రాసిన చిన్న పొట్లం. వెల పన్నెండు వందలు. ఆ సీసా మొత్తంలో నిజం రాసి ఉన్నది ఆ పొట్లం మీద మాత్రమేనని అప్పట్లో నాకు తట్టలేదు.

నా రక్తంలో చక్కెర గట్టు మీద నిలబడి ఇటా, అటా అని చూస్తోందని డాక్టరు గారు చెప్పారు. నడవండి, వీలైతే పరుగెత్తండి అన్నారు. మందు రాయలేదు. మందు రాయని డాక్టరును నమ్మడం మా ఇంటా వంటా లేదు. అందుకని వ్యాయామశాల శిక్షకుణ్ణి ఆశ్రయించాను. "పరుగెత్తితే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అని, అందినదాన్నల్లా కొరికే అణువులు పుడతాయి సార్, ఇనుముకు తుప్పు పట్టినట్టు కండకు పడుతుంది" అని ఆయన, వాటిని అణచేస్తుందంటూ విటమిన్ సి, ఇ నింపుకున్న తమరిని నా చేతిలో పెట్టాడు. కళింగపట్నంలో మా అత్తవారింటి కిటికీ ఊచలకు సముద్రపు గాలి చేసిన గతి కళ్లారా చూసినవాణ్ణి. తుప్పు అనగానే హడలిపోయాను.

తమరి వంశం గొప్పదే, కాదనను. ముసలితనానికి ఫ్రీ రాడికల్సే మూలమని 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్‌హమ్ హార్మన్ సిద్ధాంతం చేశారు. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పౌలింగ్ 1970 నుంచి విటమిన్ సి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. అక్కడి నుంచి తమరికి పట్టపగ్గాలు లేవు.

కానీ ఆ రాడికల్స్ అన్నీ దొంగలు కావట, స్వామీ. పరుగెత్తే కండలో పుట్టేవాటిలో కొన్ని తంతి మోసుకెళ్లే బంట్రోతుల వంటివి. "పని పెరిగింది, సిద్ధం కండి" అని అవి కబురు చేరిస్తేనే కణం సొంత రక్షణ ఎంజైములను పెంచుకుంటుంది, శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాను పెంచుకుంటుంది. తమరేమో కాపలాకు వచ్చి, ఆ బంట్రోతును గుమ్మంలోనే నాలుగు తన్ని పంపించేశారు.

జర్మనీలో మైఖేల్ రిస్టో బృందం 2009లో ఈ బండారం బయటపెట్టింది. కొందరు యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. ఉత్త వ్యాయామం చేసినవారిలో, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. తమరిని మింగినవారికి ఆ లాభం దక్కలేదు. ఇన్సులిన్! నేను చెరువు గట్టు ఎక్కిందే దాని కోసం కదా! ముప్పై ఏళ్లు ఆఫీసులో రసీదులు రాసినవాణ్ణి. రాసిన ప్రతి రసీదు మీదా 'రద్దు' అని ముద్ర కొట్టడానికి నెలకు పన్నెండు వందలిచ్చి మనిషిని పెట్టుకున్నానని తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

న్యాయం చెప్పాలి కనుక ఇదీ చెబుతాను. 2014లో నార్వేవారు 54 మందితో 11 వారాలు చేయించిన పరీక్షలో మాత్ర మింగినవారి దమ్ము తగ్గలేదు, మిగిలినవారితో సమానంగానే పెరిగింది. కండలో మైటోకాండ్రియా పెరుగుదల గుర్తులు మాత్రం మాత్ర లేనివారిలోనే కనిపించాయి. అంటే తమరు ముంచలేదు, తేల్చనూ లేదు. లోపం ఉందని డాక్టరు రాసిస్తే తమరితో నాకు పేచీ లేదు.

మా ఆఫీసులో ఒకాయన ఉన్నారు. సిగరెట్టు మానలేక, దానికి పరిహారంగా తమరి జ్ఞాతి బీటా కెరోటిన్ మాత్ర మింగేవారు. ఒక చేతిలో పొగ, మరో చేతిలో క్యారెట్ సారం. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారితో చేసిన పరీక్ష ఫలితం 1994లో వచ్చిందని, బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించిందని ఆయనకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి మాత్ర మానేశారు. సిగరెట్టు కాదు.

వీరఘట్టంలో పుట్టి, మా విజయనగరంలో కండలు పెంచి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామమూర్తి గారు 1942లోనే పోయారు. తమరి సిద్ధాంతం పుట్టడానికి పద్నాలుగేళ్ల ముందు. పాపం, ఒంట్లో ఎంత తుప్పు పేరుకుపోయిందో తెలియకుండానే వెళ్లిపోయారు.

విటమిన్ సి మీద మోజు తీరక ఇప్పుడు మూడు లాంతర్ల దగ్గర బండి మీద జామకాయ కొంటున్నాను. బండి ఆమె దాన్ని నాలుగు చీలికలు చేసి, ఉప్పూకారం కత్తి మొనతో లోపలికంటా అద్ది ఇస్తుంది. మగవాడికి రోజుకు 80 మిల్లీగ్రాముల సి చాలంటున్నారు. ఒక మోస్తరు కాయలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. తమరు 1000 తెచ్చిపోస్తే ఒళ్లు తనకు కావలసింది ఉంచుకుని మిగతాది మూత్రంలో సాగనంపింది. విజయనగరం మురుగుకాలువకు నేను చేసిన పోషణ ఇంతా అంతా కాదు.

తమరి సీసాలో మా ఆవిడ మెంతులు పోసింది. దూది ఉండ పారేసి, ఆ 'తినకూడదు' పొట్లం మాత్రం అలాగే ఉంచింది. వానాకాలం కదా, తేమ పీల్చడం దానికి నిజంగానే వచ్చునట.

ఇట్లు,
తమరి మాజీ పోషకుడు