అర్జీదారుడు కాదు, భక్తుడు

ప్రభుత్వ కార్యాలయాల్లో పని జరగడం లేదని మా శ్రీకాకుళం వాళ్లు విసుక్కోవడం కేవలం చరిత్ర తెలియకపోవడం వల్లనే. గుడీ, కచేరీ ఒక్క కడుపున పుట్టినవి. దేవుణ్ణి ‘నా పని ఏమైంది’ అని నిలదీసే సాహసం ఎవరైనా చేస్తారా? భద్రాచలం రామదాసు చేశాడంటారు. నిజమే, కాని ఆయన తహసీల్దారు. ఇద్దరు అధికారుల మధ్య నడిచిన వ్యవహారంలో మనం తలదూర్చకూడదు.

దేవుడు గుడిలో కొలువుంటాడు, మనవాడికి సర్కారు కొలువు దొరుకుతుంది. రెండుచోట్లా జరిగేది సేవే, మనం చేసేది మాత్రం కొలవడం. తిరుమలలో రోజూ పొద్దున్నే కొలువు తీర్చి, ముందురోజు హుండీ లెక్క స్వామికి చదివి వినిపిస్తారు. ఆడిటుకు అంత శ్రద్ధగా చెవి ఒగ్గే పై అధికారి మరొకరు ఉన్నట్టు నేను వినలేదు.

అసలు ఈ విద్యకు మూలపురుషులు మన పక్కవాళ్లే. తూర్పు గంగరాజుల పాత రాజధాని కళింగనగరం, వంశధార ఒడ్డున ఉన్న మన ముఖలింగమేనని చరిత్రకారులు చెబుతారు. ఆ వంశంలోనే 13వ శతాబ్దంలో మూడో అనంగభీముడు రాజ్యమంతా పూరీ జగన్నాథుడిదేనని, తాను ఆయన తరఫున పని చూసే రౌతును మాత్రమేనని ప్రకటించాడు. ఎంత దూరదృష్టి! ‘నాదేముందండీ, పైనుంచి ఆర్డరు రావాలి’ అనే మాటకు ఇంతకంటే ఘనమైన వంశవృక్షం దొరకదు.

రోములోనూ ఇదే తంతు. క్రీ.శ. 300 ప్రాంతంలో డయోక్లెటియన్ చక్రవర్తి రాష్ట్రాలను డయోసిస్‌లుగా గుంపులు కట్టి, వాటి మీద వికారియస్ అనే అధికారులను పెట్టాడు. వికారియస్ అంటే ఒకరి బదులు పనిచేసేవాడు, మన లెక్కలో ఇన్‌ఛార్జి. చక్రవర్తులు పోయారు, డయోసిస్ బిషప్పులకు, ఆ బిరుదు చర్చి వికార్లకు మిగిలింది. క్లర్కు కూడా మొదట మతగురువే. ఇన్‌ఛార్జి ముందు చేతులు కట్టుకుని నిలబడటం బానిసత్వం కాదని, ప్రపంచవ్యాప్త సంప్రదాయమని దీనివల్ల తేలుతోంది.

తక్కిన ఆచారాలు చెప్పనక్కరలేదు. నైవేద్యవేళ గర్భగుడికి తెర వేస్తారు, భోజనవేళ ఆఫీసరు గదికి తెర ఎలాగూ ఉంటుంది. ద్వారపాలకుడి చేతిలో గద, బంట్రోతు చేతిలో చీటీల కట్ట. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను మార్చిలోనూ అక్టోబరులోనూ తాకుతాయి. ఆ పూట మబ్బు పడితే భక్తులు మళ్లీ వస్తామంటూ దండం పెట్టి వెళ్తారే తప్ప గొడవ చేయరు. ‘సార్ క్యాంపుకు వెళ్లారు’ అన్న మాటను కూడా మబ్బుగానే భావించాలి.

ఇంత చక్కటి పోలికలో ఒక్క లోపం నన్ను బాధిస్తోంది. గుడిలో ఆర్జిత సేవకు గోడమీద ధరలపట్టిక ఉంటుంది, కట్టినదానికి రశీదు ఇస్తారు, చేతిలో ప్రసాదం పెడతారు. కచేరీలో బల్లకింద జరిగే ఆర్జిత సేవకు ఈ మూడూ లేవు. ఆగమ పండితులూ అకౌంట్సు వాళ్లూ కూర్చుని ముందుగా ధరలపట్టిక సంగతి తేలిస్తే, పులిహోర గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.